నాలుగో నంబరు పట్టీ

నమోదు 311. ఆదివారం.

తలుపులు తెరిచిన వేళ: ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. వచ్చినవారు అరవై ముగ్గురు. చూసి పంపినవారు అరవై ఒక్కరు. షిఫ్టు పడవ కూత వినగానే ఇద్దరు వరుసలోంచి వెళ్ళిపోయారు. ఒకరికి దగ్గు. రెండోవారికి ఏమిటో తెలియదు. తెలియనిదాన్ని తెలియదనే రాస్తున్నాను.

మా ఉచిత వైద్యశాల ఏటిమొగ రేవులో కట్టేసిన పాత ప్రయాణికుల లాంచీ. ఇంజను లేదు. వారానికి ఒక్కరోజే తెరుస్తాము. ఇక్కడ జీతం తీసుకునేవారు ఎవరూ లేరు. డాక్టర్ మెహరున్నీసా గారు ఉద్యోగ విరమణ చేసి ఆరేళ్ళయింది. వరుసను నడిపే పెమ్మాడి అప్పలకొండ పదేళ్ళు నాచు తాళ్ళ మీద పనిచేసి నడుము పోగొట్టుకుంది. పరికరాలు, జాబితాలు నావి. నేను ఎనిమిదో తరగతి దాటలేదు. యంత్రాల సంగతి మాత్రం పారేసిన యంత్రాలను విప్పి నేర్చుకున్నాను.

మా దగ్గరకు వచ్చేవారిలో పని లేనివారు ఎవరూ లేరు. మునిగిపోయిన ఉప్పాడ వీధుల మీదుగా మైళ్ళ పొడవున పరిచిన తాళ్ళకు సముద్రపు నాచు పెరుగుతుంది. దాన్ని కోసేది వీరే. వారానికి ఇరవై ఎనిమిది గంటలు పనిచేసిన మనిషికి కంపెనీ బీమా ఇవ్వాలని చట్టం. కాబట్టి ఏ కంపెనీ ఇరవై ఏడు దాటనివ్వదు. ఒక్కొక్కరు మూడు కంపెనీల్లో ఇరవై ఏడేసి గంటలు చేస్తారు. ఎనభై ఒక్క గంటల పని, బీమా సున్న.

బీమా ఉన్నవారి ముంజేతికి పట్టీ ఉంటుంది. నెత్తురు లెక్కలన్నీ అదే చూస్తుంది. ఆసుపత్రి తలుపు ఆ పట్టీకే తెరుచుకుంటుంది. కొత్త రకం వచ్చినప్పుడు వారు పాతవి చెత్తలో పడేస్తారు. వాటిని ఏరి తెచ్చి, విప్పి, లోపలి జ్ఞాపకం చెరిపి, ఇక్కడ షుగరు కొలిచే యంత్రాలుగా వాడుతున్నాను. మా దగ్గర ఐదు ఉన్నాయి. అలా విప్పడం నేరం. ఈ మాట ఒక్కసారే రాస్తున్నాను.

ఈ రోజు తొమ్మిదిన్నరకు 'సొర' వచ్చాడు. మేము ఎవరి పేరూ, పనిచేసే చోటూ రాయము. వచ్చినవారు తమకు నచ్చిన చేప పేరు చెబుతారు, అదే వారి పేరు. మూడేళ్ళ క్రితం ఇలా ఉండేది కాదు. అప్పుడు నేను గీతలు కొట్టి తయారుచేసిన రిజిస్టరులో పేరు, కంపెనీ, జబ్బు మూడూ ఉండేవి. ఎవరో దాన్ని ఎత్తుకుపోయారు. షుగరు, మూర్ఛ, గుండె జబ్బు ఉన్న నలభై ముగ్గురికి తాడు పని పోయింది. నా చేతిరాత బాగుండటం వల్ల కంపెనీలకు చదవడం సులువైంది.

"పేరేమో సొర, మనిషేమో ఎండు నెత్తళ్ళు," అంది అప్పలకొండ, అతన్ని బల్ల దగ్గరకు తెస్తూ.

"నవ్వకే అప్పక్కా. కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయి. నిన్న తాడు మీద చేతులొణికి కొడవలి నీళ్ళలో పడిపోయిందండి డాక్టరమ్మా. కాస్తయితే దానెనకాలే నేనూ ఎల్లిపోదును."

రెండో నంబరు పట్టీతో కొలిచాను. యాభై ఎనిమిది. డాక్టరు గారు అతని నోట్లో బెల్లం ముక్క పెట్టి, అతని చీటీ అడిగారు. రెండు వారాల క్రితం మూడు వందల పద్దెనిమిది అని ఉంది. ఆ రోజే మాత్రలు రెట్టింపు చేశారు. చీటీ మూలన, ఏ పట్టీతో కొలిచామో నేను వేసిన అంకె: నాలుగు.

నాలుగో నంబరు ఆ ఒక్క ఆదివారమే వాడాము. తరువాతి వారం దాని బ్యాటరీ బిళ్ళ ఊడితే అరలో పెట్టాను.

మిగిలిన రోజంతా నాకు ఆ అర తప్ప మరేమీ కనబడలేదు.


నమోదు 312. సోమవారం.

నాలుగో నంబరుకు బిళ్ళ మళ్ళీ బిగించి, నా వేలు పొడుచుకుని అదే చుక్కను రెండు పట్టీల మీదా పెట్టాను. రెండో నంబరు: తొంభై ఆరు. నాలుగో నంబరు: రెండు వందల నలభై ఒకటి.

పట్టీ కొత్త చుక్కను ఒక్కదాన్నే నమ్మదు. తనను ధరించిన మనిషి పాత లెక్కలతో కలిపి చూసి చెబుతుంది. నాలుగో నంబరు లోపల తొమ్మిదేళ్ళ లెక్కలు అలాగే ఉన్నాయి. ఎవరో తెలియదు. అతని షుగరు ఏనాడూ నాలుగు వందలకు దిగలేదు. బీమా ఉన్నవాడు, తియ్యగానే బతికాడు. మా వాళ్ళ నెత్తురులో అతని నెత్తురు కలిపి మేము మందు రాశాము.

ఎలా జరిగిందో రాస్తున్నాను. పట్టీలు శుభ్రం చేసిన రోజు, 'చెరిపాను' అన్న గడిలో ఐదింటికీ వరుసగా టిక్కులు పెట్టేసి, ఆ తరువాత పని మొదలుపెట్టాను. వరుసగా ఉంటే చూడముచ్చటగా ఉంటుందని. మూడు చెరిపేసరికి లాంచీ అడుగున నీరు చేరుతోందని అప్పలకొండ కేక వేసింది. గంటసేపు తోడిపోశాము. తిరిగి వచ్చి జాబితా చూశాను. నాలుగుకు టిక్కు ఉంది. ఐదో పట్టీ అందుకున్నాను.

ఎవరు ఏ మాట చెప్పినా రెండోసారి అడిగి కాని రాయను. నా టిక్కును మాత్రం అడగలేదు.

ఆ ఆదివారం నాలుగో నంబరుతో పద్నాలుగు మందిని కొలిచాము. తొమ్మండుగురికి మాత్రలు రెట్టింపయ్యాయి: సొర, చందువ, వంజరం, పండుగప్ప, మాగ, కానాగంత, గొరక, టేకు, చీరమేను. అందరికీ నాలుగు వారాల మందు ఇచ్చి పంపాము. ఇంకా రెండు వారాలపాటు వారు తాళ్ళ మీద నడుస్తూ దాన్ని మింగుతారు.


నమోదు 313. మంగళవారం.

డాక్టరు గారింటికి వెళ్ళి నిలబడే చెప్పాను. కూర్చోమన్నారు. కూర్చోలేకపోయాను.

ఆమె చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "ఒకే పూట అంతమందికి మూడు వందలు దాటితే నా చెయ్యి ఆగాల్సింది గంగాధరం గారూ. బయట లైను చూశాను. చెయ్యి ఆగలేదు. తప్పు మీ ఒక్కరి ఖాతాలో రాసుకోకండి."

"జాబితా నాదండీ."

"సంతకం నాది. ఇప్పుడు ఆ ఎనిమిది మందిని పట్టుకోవాలి. ఎక్కడుంటారు?"

తెలియదు అన్నాను. ఆ మాటను నేనే నియమంగా పెట్టాను.

ఉపాయం అప్పలకొండకే తట్టింది. సాయంత్రం గంప నెత్తిన పెట్టుకుని షిఫ్టు మారే వేళ రేవులోకి వెళ్ళింది. తిరిగి వచ్చాక చెప్పిన మాటలు:

"ఆయ్, గొంతు పోయిందండి బాబూ. 'చందువోయ్, వంజరమోయ్, మాగోయ్, ఆదివారం సరుకు ముట్టుకోకండోయ్, పాడైపోయిందోయ్' అని అరిచాను. ముగ్గురు ఆడోళ్ళు బేరానికొచ్చేశారు. ఖాళీ గంప సూపిస్తే ఎన్ని తిట్లనుకున్నారు! పాడైపోయిన సరుకని నువ్వే అరుస్తావేటే, పిచ్చిముండా అని. అప్పుడొకడు చెవి దగ్గరకొచ్చి, 'అక్కా, కానాగంత నేనే' అన్నాడండి. ఆడి ఎనకాల గొరక."

"ఇద్దరేనా?"

"నలుగురు. మిగతా ఇద్దరూ, చందువా పండుగప్పా, మొగుడూ పెళ్ళాలంట. ఒకరి సంగతి ఒకరికి తెలీదు. అక్కడే తెలిసింది, అక్కడే దెబ్బలాడుకున్నారు."

సొరతో కలిపి ఐదుగురు.


నమోదు 314. బుధవారం.

వంజరం, మాగ, టేకు దొరికారు. టేకు సోమవారం నాడే మెట్ల మీద పడి మోకాలు కొట్టుకున్నాడట. ఎండదెబ్బ అనుకున్నాడు.

మిగిలింది చీరమేను.

ఆమె నాకు బాగా గుర్తుంది. లాంచీ తలుపులోంచి ఓరగా తిరిగి లోపలికి రావలసినంత మనిషి. ఏ చేప పేరు పెట్టుకుంటావని అడిగితే, చేపల్లోకెల్లా చిన్నదాని పేరు చెప్పింది. వరుసంతా నవ్వింది. అందరికన్నా ఎక్కువ నవ్వింది ఆమే. ఎడమ బొటనవేలికి గోరు లేదు. ఆ రోజు ఆమె లెక్క మూడు వందల తొంభై. అందరిలోకీ ఎక్కువ మందు ఆమెకే ఇచ్చాము: రోజుకు నాలుగు మాత్రలు.

రేవులో రెండు షిఫ్టులూ నిలబడ్డాను. రాలేదు.


నమోదు 315. గురువారం.

ఉదయం పదకొండు గంటలకు ఒక ఆడమనిషి తాడు మీంచి నీళ్ళలో పడిందని రేవులో అన్నారు. పరుగెత్తాను. పడవలోంచి దించిన మనిషి ఇరవై ఏళ్ళ పిల్ల. చీలమండ విరిగింది. బతికే ఉంది. ఆ పిల్ల నొప్పితో అరుస్తుంటే నేను అక్కడ నిలబడి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇది కూడా రాయాలి.

లాంచీ మీద అటూ ఇటూ నడుస్తూ చెక్కలు లెక్కపెట్టాను. ఒకసారి రెండు వందల పన్నెండు, ఒకసారి రెండు వందల తొమ్మిది.

మధ్యాహ్నం కానాగంత కబురు తెచ్చాడు. గోరు లేని ఆ భారీ మనిషి బయటి తెప్పల మీద ఉందట. అక్కడికి వెళ్ళినవారు పదిహేను రోజులదాకా ఒడ్డుకు రారు. మనుషులను ఎక్కించుకునేది మంచినీళ్ళ పడవ ఒక్కటే, అది శుక్రవారం వెళ్ళి వస్తుంది. పట్టీ ఉన్నవారికి తప్ప ఆ పడవ గేటు తెరుచుకోదు.

నాకు పట్టీ ఉంది. పట్టీలు తయారుచేసే కంపెనీ మరమ్మతు షెడ్డులో పన్నెండేళ్ళుగా నా ఉద్యోగం. వారానికి నలభై ఎనిమిది గంటలు. నా పట్టీ నేను ఎక్కడికి వెళ్ళినా రాసుకుంటుంది, ఏం మాట్లాడినా వింటుంది. ఆదివారాల్లో దాన్ని ఇంట్లో బియ్యం డబ్బాలో పెట్టి వస్తాను. మంగళవారం నుంచి సెలవు పెట్టి రోజూ అలాగే చేస్తున్నాను.

"అయితే ఎల్లండి," అంది అప్పలకొండ. "షుగరు మందు మానెయ్యండని చెప్పి ఒచ్చెయ్యండి. పట్టీలు ఇప్పిన సంగతీ, మన లాంచీ సంగతీ ఎత్తడం దేనికి?"

"కంపెనీ పట్టీ పెట్టుకున్న మనిషి వచ్చి మందు మానెయ్యమంటే నువ్వు మానేస్తావా?"

ఆమె ఆలోచించింది. "మానను. ఇంకోటి ఎక్కువ మింగుతాను."

"మరి?"

"పోనీ పక్కకి పిలిచి దాని చెవిలో చెప్పండి."

"మేస్త్రీ చూస్తాడు. రేపటికి ఆమెకు తాడు పని ఉండదు."

అప్పలకొండ "మీకు మాత్రం ఉంటాదేటి?" అని గొణిగి, తోడుకునే బకెట్టు పట్టుకుని కిందికి దిగిపోయింది.


నమోదు 316. శుక్రవారం.

గేటు తెరుచుకుంది. ప్రయాణం రెండు గంటల ఇరవై నిమిషాలు.

బయటి తెప్ప ఒక ఊరంత ఉంది. నూట నలభై మంది దాకా రేకుల నీడలో అన్నాలు తింటున్నారు. మేస్త్రీ నా పట్టీ చూసి లేచి నిలబడ్డాడు. మోటారు చూడడానికి వచ్చాననుకున్నాడు. నీళ్ళ పీపా మీదికెక్కి మాట్లాడాను. ముందు రాసుకున్న కాగితం తడిసిపోయింది. గుర్తున్నంతవరకు ఇవీ నా మాటలు:

"నా పేరు కొప్పిశెట్టి గంగాధరం. ఆదివారం లాంచీలో షుగరు కొలిచేది నేనే. పారేసిన పట్టీలు విప్పి ఆ యంత్రాలు చేశాను. ఒకదానిలో పాత మనిషి లెక్కలు చెరపడం మరిచిపోయాను. అది తప్పు చెప్పింది. మందు ఎక్కువ ఇచ్చాము. మొన్న ఆదివారానికి మూడు వారాల కిందట ఎవరైనా ఆ మాత్రలు తీసుకుని ఉంటే ఇప్పుడే మానెయ్యండి. కళ్ళు తిరిగితే బెల్లం తినండి, తాడు ఎక్కకండి. ఎవరూ చెయ్యెత్తవద్దు. ఎవరూ నా దగ్గరకు రావద్దు."

తేదీ తప్పు చెప్పాను. రెండు వారాలు అనాలి. మళ్ళీ మొదటినుంచీ చెప్పాను.

"ఎవడికిరా ఇక్కడ షుగరు?" అని అరిచాడు మేస్త్రీ. "చెయ్యెత్తండి!"

ఎవరూ ఎత్తలేదు. వెనక వరుసలోంచి ఒక ముసలాయన, "ఈ చారు తాగినోళ్ళకి షుగరెక్కడొస్తాది బాబూ, ఉప్పు తప్ప ఏముంది ఇందులో," అన్నాడు. కొందరు నవ్వారు. మళ్ళీ అన్నం కలుపుకున్నారు.

అప్పుడు ఆమెను చూశాను. చివర, ముగ్గురు ఆడవాళ్ళ మధ్య కూర్చుని గిన్నె కడుగుతోంది. నా వైపు చూడలేదు. పక్కామె చెవిలో ఏదో చెప్పి నవ్వింది. విన్నదో లేదో, నమ్మిందో లేదో ఆ ముఖంలో నాకేమీ దొరకలేదు. ఆమె దగ్గరకు వెళ్ళడానికి పదిహేడు అడుగులు. వెళ్ళలేదు.

తిరుగు ప్రయాణంలో, ఒడ్డు కనబడే ముందు, నా పట్టీ ఆరిపోయింది.


నమోదు 317. శనివారం.

షెడ్డు గేటు తెరుచుకోలేదు. కాపలా మనిషి పన్నెండేళ్ళుగా నన్ను ఎరుగును. "ఏటి గంగాధరం గారూ, ఇలా చేసేశారు," అని తల దించుకున్నాడు.

పది గంటలకు కంపెనీవారు నలుగురు లాంచీకి వచ్చారు. విప్పిన పట్టీలు ఐదూ సంచిలో వేసుకున్నారు. రోగుల రిజిస్టరు ఎక్కడని అడిగారు. చేపల జాబితా చూపించాను. పెద్దాయన రెండు పేజీలు తిప్పి, "ఇది చేపల మార్కెట్టా, ఆసుపత్రా?" అన్నాడు.

"రెండూ కాదు. మా ఇల్లు," అన్నారు డాక్టరు గారు. "చెప్పులు విప్పి రావాల్సింది."

లాంచీ సంగతి తరువాత తేలుస్తామని వెళ్ళిపోయారు. ఆరిపోయిన నా పట్టీని వారు అడగలేదు. అది వారి లెక్కల్లో చచ్చిన సరుకు.

భోజనం దిగలేదు. చీరమేను ఈ పూట మందు మింగిందా? ఒంటి గంటకు ఒకసారి, రెండు గంటలకు ఒకసారి, రెండుంపావుకు ఒకసారి అనుకున్నాను. ఆ తరువాత కూర్చుని నా పట్టీ విప్పాను.


నమోదు 318. ఆదివారం.

వచ్చినవారు ఇరవై ఆరుగురే. యంత్రాలు పోయాయని రేవంతా తెలిసింది. దగ్గులకూ, కోతలకూ డాక్టరు గారి చెయ్యి చాలింది.

పదిన్నరకు లాంచీ ఒక పక్కకు ఒరిగింది. తలుపులోంచి ఓరగా తిరిగి చీరమేను వచ్చింది. ఆమె వెనక, తెప్ప మీద చూసిన ముగ్గురూ. కోసిన నాచు మోసే పడవలో, నాచు కింద దాక్కుని ఒడ్డుకు వచ్చారట. మధ్యాహ్నం అదే పడవలో వెళ్ళిపోవాలి.

అప్పలకొండే అడిగింది. "ఏమ్మా, బతికే ఉన్నావా? నీ కోసం ఈయన వారం రోజులుగా అన్నం మానేశాడు. మందు మింగేవా, మానేవా?"

"శుక్రవారం మానేశామండి."

"మానేశామేటి? ఎంతమందివి నువ్వు?"

చీరమేను వెనకనున్న ముగ్గురినీ చూపించింది. "మొదట్లో రోజుకి రెండు మాత్రలిచ్చారు కదండీ. నేనూ, మా కొండమ్మా చెరోటీ మింగేవోళ్ళం. దానికీ నాలాగే నోరెండిపోతాది. మొన్న నాలుగిచ్చారు. సరే నలుగురికీ సరిపోయినాయి కదాని ఈళ్ళిద్దరికీ పెట్టానండి."

డాక్టరు గారు కలం కింద పెట్టారు. "వీళ్ళకు షుగరు ఉందని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదండి. తెప్ప మీద ఒకటే కుండ, ఒకటే కూర. నేనొక్కదాన్నీ మందు మింగితే ఏం బాగుంటాదండి?"

ఆమె రోజుకు ఒక్క మాత్రే మింగింది. నేను వెళ్ళకపోయినా ఆమె పడి ఉండేది కాదు. ఈ వాక్యం రాయడానికి నాకు చాలా సేపు పట్టింది. కానీ నలుగురిలో చివరన నిలబడినది పుల్లలాంటి మనిషి. పేరు 'రొయ్య' అంది. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని ఉంది.

"ఇది రెండుసార్లు తూలిందండి," అంది చీరమేను, గొంతు తగ్గించి. "రెండోసారి నడుముకి తాడుండబట్టి సరిపోయింది. గాలికనుకున్నాం. మీరొచ్చి చెప్పాక ఆపేశాం. మళ్ళీ తూల్లేదు."

నా పట్టీ తీసి బల్ల మీద పెట్టాను. చీరమేను దాన్ని చూసి, రొయ్య చెయ్యి పట్టుకుని వెనక్కు లాగింది.

"ఇదెవరిదండీ?"

"నాది."

"చెరిపేరా?"

"నిన్న చెరిపాను."

"నిన్న నేను సూళ్ళేదు కదండీ."

ఆమె అన్నది సబబే. మూత మళ్ళీ విప్పి, ఏ మీట నొక్కుతున్నానో ఆమెకు చూపిస్తూ మొదటినుంచీ చెరిపాను. నలుగురూ మెడలు చాచి చూశారు. పట్టీ వెలిగి, 'ఎవరు?' అని అడిగింది. ఆ గడిని ఖాళీగా వదిలి, రొయ్య వేలు పట్టుకున్నాను.

తొంభై రెండు. మందు మానిన రెండో రోజున, మరే మందూ లేకుండా.

"ఈమెకు షుగరు లేదు," అన్నారు డాక్టరు గారు.

రొయ్య సిగ్గుపడింది. "అందరూ మింగుతున్నారు కదాని మింగేనండి."

ఎవరూ అడగకపోయినా ప్రతి వేలికీ ముందు చెరిపాను. కొండమ్మకు రెండు వందల అరవై. మూడో ఆమెకు రెండు వందల పది. చివరికి చీరమేను. మూడు వందల ఎనభై నాలుగు. నాకు నమ్మకం కలగక మళ్ళీ చెరిపి, రెండో వేలు పొడిచాను. మూడు వందల ఎనభై ఒకటి. నాలుగో నంబరు పట్టీ ఆ రోజు అందరి విషయంలోనూ తప్పింది, ఈమె విషయంలో తప్ప.

డాక్టరు గారు ఆమె గోరు లేని బొటనవేలిని, కాలి మడమల్ని చాలాసేపు చూశారు. "అమ్మా, విను. రోజుకు నాలుగు మాత్రలు. నాలుగూ నువ్వే మింగాలి. వాళ్ళకు ఒక్కటి పెట్టినా నీ కాలు పోతుంది."

"అలాగేనండి."

ఆమె అంత తొందరగా ఒప్పుకోవడం నాకు నచ్చలేదు. అప్పటికే ఆమె చూపు కొండమ్మ మీదికి, అక్కడినుంచి మూడో ఆమె మీదికి వెళ్ళింది. మందు పొట్లాన్ని ఆమె అందుకోబోతే నా చేతిలోనే ఉంచుకున్నాను.

"ఇవ్వరేంటండీ? పడవకి టైమైపోతంది."

"ఇస్తాను. కూర్చోమ్మా."

డాక్టరు గారు కొండమ్మకూ, మూడో ఆమెకూ వేరు వేరుగా చీటీలు రాశారు. వారి పొట్లాలు రెండూ కట్టి, వారి కొంగులకు ముడివేయించి, రొయ్య చేతిలో బెల్లం పెట్టిన తరువాతే ఆమెది ఆమెకు ఇచ్చాను.